నడుమ తెగిన సాక్ష్యం

ఆ రోజు రామ్‌చందర్ సేటు మీద ఇశ్రాయేలు గెలవడం కాశమ్మ కళ్ళారా చూసింది. అతను ఒక్క తిట్టు తిట్టలేదు, ఒక్క చెయ్యి ఎత్తలేదు. ఇంట్లోంచి ఒక ఇనప కుర్చీ తెచ్చి, నీళ్ళ పైపు మీద వేసుకొని కూర్చున్నాడు. అంతే.

ఎండాకాలం. ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో నాలుగు రోజులుగా నల్లా రాలేదు. ఐదో రోజు మిట్టమధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. గల్లీ మొదట్లో కిరాణా దుకాణం రామ్‌చందర్ సేటుది. ట్యాంకరుకు ఫోన్ చేసింది తనే కాబట్టి మొదటి నీళ్ళు తనవే అని ఆయన లెక్క. బిందెలు పట్టుకొని ఆడవాళ్ళు ఇంకా వరస కట్టకముందే పైపు కొస ఆయన సంపులోకి దూరిపోయింది. లొల్లి మొదలైంది. అందరికంటే ముందు కాశమ్మ ఉంది. ఆ గల్లీలో లొల్లి అవుతుంటే కాశమ్మ వెనక నిలబడటం అనేది ఇంతవరకూ జరగలేదు. ఫలక్‌నుమా ప్లాట్‌ఫారాలు ముప్పై ఏళ్ళు ఊడ్చిన మనిషి. ఆమె చీపురుకు ప్రయాణికులు తప్పుకునేవాళ్ళు, నోటికి స్టేషన్ మాస్టర్లు తప్పుకునేవాళ్ళు.

"సేటూ, నీ సంపు నిండేసరికి ఈడ మా పీనుగలు లేస్తయి!"

"ఫోన్ ఎవరు కొట్టిండ్రు? నేను కొట్టిన. నువ్వు కొట్టినవా కాశమ్మా?"

"ఫోన్ కొట్టినోనిదే ట్యాంకరైతే, రేపు వాన కోసం మొక్కినోడు మొగులు నాదంటడు."

ఆడవాళ్ళు నవ్వారు గానీ పైపు మాత్రం సంపులోంచి బయటికి రాలేదు. కాశమ్మ నోటికి అలసట వచ్చే వేళకు ఇశ్రాయేలు కుర్చీ పట్టుకొని కుంటుకుంటూ వచ్చాడు. ఏభై దాటిన మనిషి, మాజీ సిపాయి, కాశమ్మ ఇంటి పక్కిల్లే. కుర్చీ కాలు సరిగ్గా పైపు మీద పడేటట్టు వేసుకొని, నిమ్మళంగా కూర్చున్నాడు. సంపులో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఏందిర ఇశ్రాయేలు, లెవ్. పైపు మీద కూసున్నవ్."

"కాలు గుంజుతున్నది సేట్. జర కూసున్న."

"కూసోనీకె నీకు ఇదే జాగ దొరికిందా?"

"నీడ ఈడనే ఉన్నది."

నీడ అనేది ఆ చుట్టుపక్కల కాకి వాలేంత కూడా లేదు.

"లేస్తవా, పోలీసుల పిలువాల్నా?"

"పిలు సేట్. ఫోన్ కొట్టుడు నీకు అలవాటే గద."

గల్లీ అంతా గొల్లున నవ్వింది. ట్యాంకరు డ్రైవరుకు ఇంకో బస్తీకి పోయే తొందర. దిగి వచ్చి పైపు సంపులోంచి లాగి బిందెల వైపు తిప్పాడు. ఆఖరి బిందె నిండేదాకా ఇశ్రాయేలు లేవలేదు. నిండాక లేచి, కుర్చీ మడిచి చంకలో పెట్టుకొని, "సేట్, ఇగ నింపుకో" అని ఇంట్లోకి పోయాడు.

ఫౌజీ ఫౌజీయే అని సాయంత్రం దాకా గల్లీ మెచ్చుకుంది. గట్టిగా మెచ్చుకున్నది కాశమ్మే. కానీ ఆమె చూసినది ఇంకొకటి ఉంది. పెదవులు ఎండిపోయి కూర్చున్నాడని మొదటి బిందెలోంచి గ్లాసు ముంచి ఇచ్చింది. అతను తీసుకోలేదు. "నేను తెచ్చుకుంట తియ్యి అక్కా" అన్నాడు. ఎవరైనా తెచ్చి ఇచ్చిన నీళ్ళు ఇశ్రాయేలు ముట్టడు. పెండ్లిలో అయినా, చావులో అయినా తనే లేచి వెళ్ళి, తనే ముంచుకొని తాగుతాడు. పటాలంలో నేర్పిన పొగరు అని కాశమ్మ ముద్దుగా తిట్టేది. పొగరు అంటే ఆమెకు ఇష్టం, తనకూ ఉంది కాబట్టి.

ఆ మనిషి గొంతులో పాతికేళ్ళుగా ఒక మాట ఇరుక్కొని ఉందని ఆమెకు తెలియదు. దాన్ని బయటికి రాకుండా అడ్డుకున్నది తనేనని అసలే తెలియదు. ఎదుటివాడి కంట్లో నలుసు వీధి చివరినుంచి కనిపెట్టే కాశమ్మకు తన కంట్లోని దుంగ కనబడటానికి ఒక దయ్యాల సినిమా రావలసి వచ్చింది.

*

కాశమ్మ ఆ గల్లీకి కోడలుగా వచ్చేనాటికి ఇశ్రాయేలు ఇంకా బోర్లా పడుతున్నాడు. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగుమన్. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్షకని చెప్పి సికింద్రాబాద్‌లో ఫౌజు భర్తీకి వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. అతని ముందు నిలబడ్డ పిల్లవాడు సైదాబాద్ వైకుంఠం. బరువు చాలదేమోనని భయపడి పొద్దున్నే డజనున్నర అరటిపళ్ళు మింగి వచ్చాడట. తూకం అయ్యేదాకా కక్కకుండా వాడి వీపు నిమురుతూ నిలబడింది ఇశ్రాయేలు. ఇద్దరూ ఒకే రోజు ఎంపికై, ఒకే పటాలంలో పడ్డారు. ఉత్తరాది జవాన్ల నడుమ ఇద్దరూ నక్కో, హౌ అంటూ మన హైదరాబాదీ ఉర్దూలో మాట్లాడుకుంటుంటే అందరూ పడి పడి నవ్వేవాళ్ళట. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు. కాశమ్మ చేతి చింతచిగురు పప్పు వైకుంఠం రెండుసార్లు అడిగి పెట్టించుకొని తిన్నాడు.

కార్గిల్ కొండల మీది యుద్ధంలో వైకుంఠం పోయాడు. అతను పోయిన రెండు రోజులకు ఇశ్రాయేలు కాలి పిక్కలో ఇనప ముక్కలు దిగాయి. ఆస్పత్రులన్నీ తిరిగి, చంకలో కర్రతో ఇంటికి చేరేసరికి కొత్త సంవత్సరం వచ్చి నెల దాటింది.

బతికి బయటపడ్డవాళ్ళ ఇంట కృతజ్ఞత కూడిక పెట్టడం వాళ్ళ క్రైస్తవ సంఘంలో ఆనవాయితీ. జ్వరం తగ్గినా, నౌకరి పర్మనెంటయినా, లారీ కింద పడి లేచినా పాస్టరయ్యను పిలవాలి. ప్రార్థన, సాక్ష్యం, ఆ తర్వాత భోజనం. సాక్ష్యమంటే మేలు పొందినవాడు లేచి నిలబడి, ఆ మేలు ఎట్లా జరిగిందో నలుగురిలో చెప్పడం. మాట్లాడే అలవాటు లేని మనుషులు కదా, దారి తప్పుతారు. ఒకడు ఏడుపు ఆపుకోలేడు, ఒకామె దేవుడి మేలు విడిచి అత్త మీద చాడీలకు దిగుతుంది. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటారు. డోలక్ అందుకుంటుంది, చప్పట్లు మొదలవుతాయి, చెప్పేవాడు కూర్చుంటాడు. ఎవరికీ చిన్నతనం ఉండదు. పాట ఎప్పుడు ఎత్తాలో తెలిసిన మనిషి కాశమ్మ. బడి గడప తొక్కింది ఒకటే ఏడు. ఆ తర్వాత బైబిలు ఒళ్ళో పెట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని తనకు తానే చదువు నేర్చుకుంది. సంఘంలో డిగ్రీలు చదివినవాళ్ళున్నా పాటకు మాత్రం ఆమె ముఖమే చూస్తారు. ఆ సంగతి ఆమె ఎవరినీ మరిచిపోనివ్వదు.

ఇశ్రాయేలు కర్ర ఆనించుకొని లేచాడు. గల్లీ అంతా అక్కడే ఉంది.

"వందనాలు. ఆ దినం నీళ్ళకు పోవాల్సింది నేను. వంతు నాది. నేను వైకుంఠానికి ఏం చెప్పిన్నంటే..."

అక్కడ ఆగాడు. అతని తల్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడుపు అందుకుంది. పాస్టరయ్యకు ఇంకో ఇంట్లో కూడిక ఉంది, ఆయన గడియారం చూసుకున్నాడు. పెరట్లో బగారా అన్నం డేగిసా మూత తీసినట్టున్నారు, వాసన వచ్చింది. కాశమ్మ పాట ఎత్తింది.

ఇశ్రాయేలు అరచరణం దాకా నోరు తెరిచే నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొడుతూ అతని ముఖం చూసి నవ్వారు, ప్రేమగానే. అతను కూర్చున్నాడు.

భోజనాల తర్వాత కాశమ్మ అతన్ని పక్కకు పిలిచి గడ్డి పెట్టింది. "గట్లనా తమ్మీ సాక్ష్యం చెప్పేది? సచ్చినోని ముచ్చట ముందుగాల తెస్తే ఇనేటోళ్ళకు అన్నం దిగుతదా? నువ్వు బతికిన ముచ్చట చెప్పు." అని తనే నాలుగు వాక్యాలు కట్టి ఇచ్చింది. గుండ్లు వానలెక్క కురిసినయి. నా పక్కోడు పడిపోయిండు. నాకు కాలికి తాకింది. దేవుడు నా పానం కాపాడిండు, స్తోత్రం. ఆ ఏడు మొదలు ప్రతి జూలైలో మొదటి ఆదివారం ఇశ్రాయేలు వాళ్ళ చర్చి గుడిలో లేచి ఆ నాలుగు వాక్యాలు చెప్పి కూర్చునేవాడు. పక్క సంఘాలవాళ్ళు కూడా పిలిచేవాళ్ళు. తను కుట్టిన రవికను చూసుకున్నట్టు ఇశ్రాయేలు సాక్ష్యం చూసుకొని కాశమ్మ గర్వపడేది.

అంతటితో ఆగినా బాగుండేది. మరుసటేడు వైకుంఠం తల్లి కృష్ణమ్మ సైదాబాద్ నుంచి వెతుక్కుంటూ వచ్చింది. వెంట పన్నెండేళ్ళ కూతురు ఆండాలు. ఇశ్రాయేలు ఇంట్లో గచ్చు మీద కూర్చొని ఆ తల్లి ఒక్కటే మాట అడిగింది.

"ఫౌజోళ్ళు పెట్టె తెరువనియ్యలే బిడ్డా. నా కొడుకు ఎట్ల పోయిండో నువ్వన్న చెప్పు."

ఇశ్రాయేలు నేలచూపులు చూస్తున్నాడు. పెదవి కదిలింది. అప్పుడే చాయ్ పట్టుకొని గడప దాటిన కాశమ్మకు ఆ మౌనం భరించరానిదిగా తోచింది. ఆమె భరించలేనివి లోకంలో రెండే, మురికి, మౌనం.

"ఒక్కటే గుండు తల్లీ. తాకింది తెల్వదు, పోయింది తెల్వదు. నొప్పి లేకుంట పోయిండు. మావోడు పక్కన్నే ఉన్నడు, సూసిండు."

కృష్ణమ్మ ఇశ్రాయేలు వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె చాలాసేపు ఏడ్చి, చాయ్ తాగి, కాశమ్మ చేతులు కళ్ళకద్దుకొని వెళ్ళిపోయింది. ఒక తల్లి కడుపు చల్లబరిచానని కాశమ్మ ఆ ముచ్చట ఎన్ని ఇళ్ళలో చెప్పుకుందో లెక్కలేదు.

*

పెండ్లి అయింది. షారోన్ పుట్టింది. ఆ పిల్లకు మూడేళ్ళప్పుడు తల్లి కామెర్లతో పోయింది. షారోన్‌కు తల దువ్వింది, బడికి పంపింది, రెండు పీకింది కాశమ్మే. ఇశ్రాయేలు శాలిబండ వైపు ఒక పాత టాకీసులో గేటు దగ్గర పనికి కుదిరాడు. చీకట్లో టార్చి లైటు వేసి జనాన్ని సీట్లకు చేర్చడం పని. "తుపాకి వట్టిన చెయ్యికి బ్యాటరీ లైటు వచ్చిందిరా" అని కాశమ్మ ఎగతాళి చేస్తే నవ్వేవాడు. పద్దెనిమిదేళ్ళు ఆ పని చేసినా ఒక్క సినిమా చూడలేదు. తెరకు వీపు పెట్టి, తలుపు దగ్గర నిలబడి జనం ముఖాలే చూసేవాడు. ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఏడుస్తారో అదే తెలుసు.

మొన్న జూన్‌లో ఆ టాకీసుకు ఒక సినిమా వచ్చింది. పేరేదో ఇంగ్లీషులో ఉంది, కాశమ్మకు నోరు తిరగదు. యుద్ధం నుంచి వచ్చిన సిపాయి, వాడి ఇంటి గోడ లోపల ఏదో ఉంటుంది, వాడికి పిచ్చి ఎక్కుతుంది, అదీ కథ అని గుడిలో రాహుల్ అనే యువకుడు చెప్పాడు. "సేమ్ మన ఇశ్రాయేలు అంకుల్ లెక్కనే ఉన్నడు హీరో" అని కూడా అన్నాడు. పాస్టరయ్య చెవిన పడింది. లోకంలో సిపాయిని దయ్యం పట్టిందని సినిమా తీస్తారు, మన సిపాయిని దేవుడు పట్టుకున్నాడు, ఈసారి జూలైలో సాక్ష్యం మైకు పెట్టించి గొప్పగా చెప్పించాలి అన్నాడు. ఆ బాధ్యత కాశమ్మకు కాక ఎవరికి?

ఆమె బయలుదేరేలోపే షారోన్ వచ్చింది. నర్సు డ్రెస్సులోనే ఉంది, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది.

"పెద్దమ్మా, బాపు తింటలేడు. సెలవు దినం గూడ టాకీసుకు పోతున్నడు. వేరేటోళ్ళు సినిమా పడంగనె బయటికొచ్చి చాయ్ తాగుతరంట. ఈన నాలుగు ఆటలు లోపల్నే నిలవడుతున్నడు."

"అంటే సినిమా సూస్తున్నడా?"

"లేదంట. గోడ దిక్కు తిరిగి ఇంటున్నడంట."

కాశమ్మ ఆ పూటే ఇశ్రాయేలు ఇంటికి వెళ్ళింది. అతను గడపలో కూర్చొని చెప్పుల పట్టీ కుట్టుకుంటున్నాడు. పాస్టరయ్య అన్నదంతా చెప్పింది. మైకు సంగతి రెండుసార్లు చెప్పింది.

"నువ్వు సూసినవా అక్కా ఆ సినిమా?"

"థూ! బాప్తిస్మం పొందినకాన్నుంచి టాకీసు గడప తొక్కలే నేను. దయ్యాల బొమ్మలు సూసుడేందిరా నాకు?"

"సూడు. సూసినంక జవాబు చెప్త."

"సూడకుంటే?"

"సూడకుంటే ఈసారి సాక్ష్యం లేదు."

పాతికేళ్ళలో ఇశ్రాయేలు ఆమెకు షరతు పెట్టడం అదే మొదలు. కాశమ్మకు కోపం వచ్చింది. కోపంలోనే మరునాడు మ్యాట్నీకి బయలుదేరింది.

*

సంఘంవాళ్ళు చూస్తారని కొంగు ముఖం మీదికి లాక్కొని వచ్చింది. ఇశ్రాయేలు ఆమెను చూసి ఏమీ అనలేదు. టార్చి ఆమె పాదాల ముందు వేసి, మెట్టు మెట్టుకూ ఆగుతూ, వెనక వరసలో చివరి సీటు చూపించాడు. పక్కనే తలుపు. అక్కడే అతను నిలబడేది.

దయ్యమంటే తెల్ల చీర, వెనక్కి తిరిగిన పాదాలు ఉంటాయని కాశమ్మ గుండె దిటవు చేసుకొని వచ్చింది. ఈ సినిమాలో దయ్యం కనబడనే లేదు. సిపాయి ఇంటికొస్తాడు. పెండ్లాం అన్నం పెడుతుంది. వంటింటి గోడ వెనక నుంచి ఎవరో అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. మెల్లగా, బతిమాలినట్టు. పెండ్లానికి వినబడదు. అతను గోడకు బీరువా అడ్డం జరుపుతాడు. పిలుపు ఆగదు. సున్నం వేస్తాడు, ఆగదు. రేడియో పెద్దగా పెడతాడు, రేడియోలోంచే పిలుస్తుంది. ముందు వరసల్లో కుర్రాళ్ళకు మస్తు సరదాగా ఉంది. "అరే, జవాబ్ తో దే యార్!" అని ఒకడు అరిచాడు. హాలంతా నవ్వింది.

కాశమ్మ నవ్వలేదు. ఆమె అప్పటికి తెర చూడటం మానేసింది. తలుపు దగ్గర ఇశ్రాయేలు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. సినిమాలో పిలుపు వచ్చేముందు, ప్రతిసారీ, ఒక్క క్షణం ముందు, అతని పెదవులు కదులుతున్నాయి. సినిమాలో సిపాయి పేరు వేరు. ఇశ్రాయేలు పెదవులు పలుకుతున్నది ఆ పేరు కాదు. తన సొంత పేరే.

ఆఖర్న సిపాయి గడ్డపార తీసుకొని గోడ పగలగొట్టాడు. అవతల చీకటి. ఆ చీకట్లోకి నడిచి వెళ్ళాడు. లైట్లు వెలిగాయి. జనం లేచారు. ఒకడు పైసలు దండగ అన్నాడు.

*

మ్యాట్నీ అయ్యాక ఫస్ట్ షోకు గంట పైన ఉంది. సైకిల్ స్టాండు దగ్గర సిమెంటు దిమ్మె మీద ఇద్దరూ కూర్చున్నారు. వచ్చేటప్పుడు పాస్టరయ్య చెప్పమన్న వాక్యాలన్నీ కాశమ్మ వల్లించుకొని వచ్చింది. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"వాడు పోయిండు అక్కా" అన్నాడు ఇశ్రాయేలు.

"ఎవరు?"

"సినిమాల సిపాయి. పిలిచినోని కాడికి పోయిండు. గోడ పగలగొట్టుకోని పోయిండు. నేను పోలే."

అతను చెప్పుకుంటూ పోయాడు. తాము కాపు కాసే మోర్చా కింద లోయలో ఒక వాగు ఉండేది. నీళ్ళు అక్కడి నుంచే. పగలు దిగితే శత్రువు పైనుంచి కాలుస్తాడు కాబట్టి చీకటి పడ్డాక వంతులవారీగా దిగాలి.

"ఆ దినం వంతు నాది. కడుపు గుంజుతున్నదన్న. కడుపుల ఏం లేదు అక్కా, భయం. ముందటి దినం దిగినోడు రాలే. వైకుంఠం నవ్విండు. నువ్వు పండర, నీ డబ్బా గూడ నేనే తెస్త అన్నడు. రెండు డబ్బాలు వట్టుకోని దిగిండు. వాగు కాడ నడుముల గుండు తాకింది. సావలే."

"తమ్మీ..."

"పిలిచిండు. తల్లిని పిలువలే, సుబేదార్ సాబ్‌ను పిలువలే. నన్ను పిలిచిండు. ఇశ్రాయేలూ, ఇశ్రాయేలూ అని."

"ఎంతసేపు?"

"తెల్లారేదాంక."

కాశమ్మకు ఒక ఆధారం దొరికినట్టయింది. "మీ సాబ్ పోనియ్యలేదు గావచ్చు. హుకుం లేకుంట ఎట్ల పోతవు? నీ తప్పు లేదు..."

"నేను అడగలే అక్కా. అడిగి, ఆయన వద్దంటే గది వేరే. నేను అడగనే లే. దుప్పటి చెవులదాంక కప్పుకున్న. తెల్లారినంక వాన్ని మోసుకొచ్చిండ్రు. ఒక డబ్బల నీళ్ళు అట్లనే ఉన్నయి. అందరికి తలా ఇంత పోసిండ్రు. నేను గూడ తాగిన. దూప అయింది, తాగిన."

రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. స్టాండువాడు ఒక్కొక్క బండే బయటికి లాగుతున్నాడు. ఎన్ని పెండ్లిళ్ళలో ఈ మనిషి పంక్తిలోంచి లేచి, కుండ దాకా నడిచి వెళ్ళి, తనే ముంచుకొని తాగాడో కాశమ్మకు ఒక్కొక్కటిగా కళ్ళముందుకొచ్చింది. తను పొగరు అన్నది.

"ఆ కూడికల నువ్వు చెప్పబోయింది ఇదేనా?" అని అడిగింది.

"ఆఁ."

"నేను పాట ఎత్తిన."

"ఎత్తినవ్."

కాశమ్మకు ఓడిపోయే అలవాటు లేదు. ఓడిపోతూ కూడా ఒక దెబ్బ వేసే గుణం ఆమెది. "మళ్ళ ఎప్పుడన్న చెప్పొచ్చు గదరా! ఇరవై అయిదేండ్లున్నయి. నేనేమన్న నీ మూతి కుట్టిన్నా?"

ఇశ్రాయేలు ఆమె వైపు చూశాడు. కోపం లేదు. ఉంటే ఆమెకు సులువుగా ఉండేది.

"చప్పట్లు కొట్టిండ్రు గదక్కా అందరు. చప్పట్లు కొట్టినంక మనిషి ఏం చెప్తడు?"

కాశమ్మ వేళ్ళు మడిచి ఏళ్ళు లెక్కపెట్టుకుంది. ఎన్ని జూలైలు. ఎన్నిసార్లు ముందు వరసలో కూర్చొని, తను కట్టిన నాలుగు వాక్యాలు అతని నోట వింటూ, పెదవులు కలుపుతూ మురిసిపోయింది! ఒక్క ఏడైనా, తమ్మీ ఆ దినం నువ్వు వైకుంఠానికి ఏం చెప్పినవ్ అని అడిగిందా? ఒక్క వాక్యం. వాడు సగం చెప్పి ఆపిన వాక్యం. గల్లీలో ఎవరింట్లో ఏం కూర వండారో కనుక్కోకుండా నిద్రపోని మనిషి, గోడ అవతల ఒక మనిషి నోట్లో ఆగిపోయిన వాక్యం సంగతి కనుక్కోలేదు.

"కృష్ణమ్మ వచ్చిన దినం గూడ చెప్దామనుకున్న" అన్నాడు ఇశ్రాయేలు. "పెదవి దాంక వచ్చింది. గంతల నువ్వు చాయ్ తెచ్చినవ్."

కాశమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆ దినం ఆమె మంచిగ పోయింది గదరా," అంది. "నొప్పి లేకుంట పోయిండన్న మాట వట్టుకోని మంచిగ బతికింది గద."

"ఏమో అక్కా. బతికిందో, అబద్ధమని తెలిసే మన్నించిందో. నేను తలూపినప్పుడు నా మొకం సూసింది ఆమె. రెండేండ్ల కింద పోయింది. సావుకు పోయిన. గల్లీ మూల మీద నిలవడి, పాడె ఎత్తేదాంక ఉండి వచ్చిన. లోపటికి పోలే."

కాశమ్మకు ఆ తల్లి చేతులు గుర్తొచ్చాయి. తన రెండు చేతులూ పట్టి కళ్ళకద్దుకున్న చేతులు, బీడీలు చుట్టి చుట్టి పసుపుబారిన వేళ్ళు. ఆ కళ్ళకద్దుకోవడాన్ని ఇరవై నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నది తను. ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా ఇశ్రాయేలు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేవాడు. అణకువ అనుకుంది.

"పాస్టరయ్యతోని నేను మాట్లాడుత," అంది కాశమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకొని. "ఈసారి మైకుల మొత్తం చెప్పు. ఎవరు అడ్డమొస్తరో సూస్త. డోలక్ మీద నేను కూసుంట."

ఇశ్రాయేలుకు నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తానికి అదొక్కటే నవ్వు.

"గుడిల చెప్పేది ఎనుకముచ్చట అక్కా. ముందుగాల ఇనాల్సినోళ్ళు వేరే ఉన్నరు. ఆండాలు ఉన్నది గద. సైదాబాద్‌లనే, బడిల పిల్లలకు వంట చేస్తది. మొన్న షారోన్‌తోని నంబరు కనుక్కోని ఫోన్ చేసిన. వస్తనన్న. ఎందుకన్నా అని అడిగింది. మీ అన్న ముచ్చట చెప్పనీకె అన్న. ఏమనలే. రమ్మన్నది."

"ఎప్పుడు?"

"ఎల్లుండి. నాకు సెలవు. నువ్వు నాతోని రావాలె."

"వస్త. ఎందుకు రాను?" కాశమ్మ వెన్ను నిలబెట్టి కూర్చుంది. చెయ్యడానికి ఒక పని దొరికితే ఆమెకు ఊపిరి వస్తుంది. "నువ్వు ఫికర్ చెయ్యకు. ముందుగాల నేను పోయి కూసోని, ఆ పిల్లకు మెల్లగ సర్దిచెప్పి..."

"గది వద్దనే అక్కా నేను అడిగేది."

టాకీసు గేటు దగ్గర ఫస్ట్ షో గంట మోగింది. ఇశ్రాయేలు లేవలేదు. టార్చి ఒళ్ళో పెట్టుకొని, ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"నా పక్కపొంటి కూసో, చాలు. నేను చెప్తుంటే ఒక్క మాట ఎత్తకు. నడుమల ఆగిపోతే ఆగనియ్యి, మళ్ళ నేనే అందుకుంట, ఎంతసేపైనా సరే. ఆ పిల్ల ఏడ్సినా ఓదార్చకు. చెప్పు తీసి నన్ను కొట్టినా అడ్డం రాకు. దేవుని పేరు గూడ తియ్యకు. అంతా అయినంక ఆ పిల్ల ఒకటి అడుగుతది. మా అమ్మకు నొప్పి లేకుంట పోయిండని ఎవరు చెప్పిండ్రు అని అడుగుతది. గప్పుడు నా దిక్కు సూడకక్కా. నువ్వే చెప్పు."